చెరువులు, గైరాన్ల (ఊరుమ్మడి మేత బీళ్ల) మీద పీహెచ్‌డీ చేస్తే ముందు దారి ఎట్లా ఉంటుంది?

శిఖం_భూమి:

అందరికీ నమస్కారం. మాది నారాయణపేట దగ్గర ఒక పల్లె. నిరుడు ఎం.ఏ. ఎకనామిక్స్ పూర్తయింది. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) కూడా వచ్చింది.

మా ఊరి చెరువులో మిషన్ కాకతీయ (చెరువులు బాగుచేసే సర్కారు పథకం) కింద పూడిక తీశారు. మట్టిని రైతులు చేలకు తోలుకున్నారు, అలుగు బాగుపడింది, ఆయకట్టు కింద రెండో పంట పండుతోంది. ఇదంతా మంచిదే. కానీ ఎండాకాలం శిఖంలో, అంటే నీళ్లు తగ్గాక తేలే చెరువు నేలలో, గొర్రెలు మేపుకునే కురుమ కుటుంబాలకు, నీళ్లు తగ్గాక అక్కడే దోస, పుచ్చ పెట్టుకునే ఇద్దరు ముగ్గురు కూలీ ఆడవాళ్లకు ఇప్పుడు ఆ జాగా లేదు. ఊరి గైరాన్ అంతకుముందే పట్టాలైపోయింది. చెరువు బాగుపడితే ఎవరికి ఎంత వచ్చింది, ఎవరికి ఏం పోయింది అని లెక్క కట్టిన మనిషి నాకు కనబడలేదు. నేను చేయాలనుకుంటున్న పని అదే.

రెండుచోట్ల ఇంటర్వ్యూలకు వెళ్లాను. ఒకచోట ‘ఇది ఎకనామిక్స్ కాదమ్మా, సోషియాలజీ’ అన్నారు. ఇంకోచోట ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ డిపార్ట్‌మెంట్‌ను అడగమన్నారు. ఇంట్లో నాన్న ‘ఐదేండ్లు చదివి ఏం జేస్తవు బిడ్డా, గ్రూప్-2 కోచింగ్ తీసుకో’ అంటున్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, ఇంటి పరిస్థితి నాకు తెలుసు.

ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఏ డిపార్ట్‌మెంట్‌లో చేరాలి? తర్వాత ఉద్యోగం దొరుకుతుందా? నాకు లెక్కలు, ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక వివరాలను గణాంకాలతో విశ్లేషించడం) అంత గట్టిగా రావు. అది అడ్డమవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

మెట్టచేను:

చెల్లీ, నాది కల్వకుర్తి వైపు. పీహెచ్‌డీ చేసి, కొన్నేళ్లు ప్రాజెక్టు పోస్టుల్లో తిరిగి, ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఒక యూనివర్సిటీలో పాఠం చెబుతున్నాను. పర్యావరణం, పల్లె బతుకు, ఈ రెండూ కలిసేచోటే నా పని అంతా. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు నీ ప్రశ్న సంగతి. అది ముమ్మాటికీ ఎకనామిక్సే. ఎవరైనా కాదంటే ఎన్.ఎస్. జోధా పేరు చెప్పు. ఆయన ఆర్థికవేత్త. మొదట జోధ్‌పూర్‌లో ఎడారి వ్యవసాయం మీద పరిశోధన చేసే కాజ్రీలో పనిచేశారు. తర్వాత మన పటాన్‌చెరులో మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్‌కు వచ్చారు, ఆ తర్వాత కాఠ్మాండూలో హిమాలయ ప్రాంతం మీద పనిచేసే ఇసిమోడ్‌కు వెళ్లారు. ఎడారి, మెట్ట, కొండ ఎక్కడున్నా ఆయన అడిగింది దాదాపు ఒకటే: ఎవరి పట్టాలోనూ లేని నేల పేదవాళ్లకు ఏం పెడుతోంది, అది పోతే వాళ్లేమవుతున్నారు?

1986లో ఆయన రాసిన వ్యాసం ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వచ్చింది. ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో 80కి పైగా పల్లెలు. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 1950-52 నాటికి ఊరుమ్మడిగా ఉన్న నేల 1982-84 నాటికి 31 నుంచి 55 శాతం దాకా తగ్గిపోయిందని తేల్చారు. పేద కుటుంబాల ఆదాయంలో 14 నుంచి 23 శాతం ఆ ఉమ్మడి నేల మీద నుంచే వస్తోందని లెక్కగట్టారు. కట్టెలు, మేత, ఆకులు, కాయలు, ఏవీ బజారు లెక్కల్లోకి రావు, ఆయన వాటిని ఇల్లిల్లూ అడిగి లెక్కలోకి తెచ్చారు. పేదలకని పంచిన భూమిలోనూ కొంత, ఎద్దులూ పెట్టుబడీ లేక వాళ్ల చేతుల్లో నిలవలేదని చూపించారు. నీ ఊరి గైరాన్ కథ అందులో ఉంది. చదివినప్పుడు నాకు మా ఊరి పక్క గుట్ట కనబడింది.

ఇంకొకటి ఉంది, అది నాకు ఇంకా ఇష్టం. రాజస్థాన్‌లో రెండు పల్లెల్లో ఆయన 1960ల్లో సేకరించిన వివరాలున్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ అదే ఊళ్లకు వెళ్లి, ‘మీ బతుకు బాగుపడిందని దేన్నిబట్టి అంటారు?’ అని వాళ్లనే అడిగారు. వాళ్లు 38 గుర్తులు చెప్పారు. పశువులున్న కొట్టంలోనే పడుకోవాల్సిన అవసరం లేకపోవడం, పటేలు మీద ఆధారపడటం తగ్గడం, కాళ్లకు చెప్పులు, ఇలాంటివి. తలసరి ఆదాయం 5 శాతానికి మించి పడిపోయిన 36 కుటుంబాలు, వాళ్లు చెప్పుకున్న 38లో 37 గుర్తుల ప్రకారం మెరుగ్గా ఉన్నాయి. ఆదాయం లెక్క తప్పని ఆయన అనలేదు, అదొక్కటే చాలదన్నారు. ఇరవై ఏళ్ల కిందటి నోటు పుస్తకాలు దగ్గర లేకపోతే ఈ మాట అనే హక్కు ఎవరికీ ఉండేది కాదు.

నేను ఈ వృత్తిని ప్రేమించేది అందుకే. ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన పల్లె అధ్యయనాలు చూడు. మన పాలమూరులో ఔరేపల్లి, దోకూరు, మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లావి రెండు, అకోలా జిల్లావి రెండు. ఒక్కో ఊరిలో 40 కుటుంబాలు: కూలీలు పది, చిన్న రైతులు పది, మధ్య రైతులు పది, పెద్ద రైతులు పది. ఇన్వెస్టిగేటర్లు ఆ ఊళ్లోనే కాపురముండి వివరాలు రాశారు. జోధా ఆ తొలి బృందంలో మనిషి. ఆ వివరాల మీద ప్రపంచమంతటా ఎందరో పీహెచ్‌డీలు చేశారు. మనం మాత్రం మన జిల్లా పల్లె గురించి ఇంగ్లిష్ జర్నల్లో చదివి తెలుసుకుంటాం. ఈ బాధ నాకు ఎప్పుడూ ఉంటుంది. నువ్వు తెలుగులో కూడా రాయాలి, ఇది ఇప్పుడే చెబుతున్నాను.

ఇక డిపార్ట్‌మెంట్. నీ పీజీ, నెట్ రెండూ ఎకనామిక్స్‌లో ఉన్నాయి కదా, వీలైనంతవరకు పీహెచ్‌డీ కూడా ఎకనామిక్స్‌లోనో, డెవలప్‌మెంట్ స్టడీస్‌లోనో చెయ్యి. అసిస్టెంట్ ప్రొఫెసర్ నోటిఫికేషన్‌లో ‘సంబంధిత సబ్జెక్టు’ అని రాస్తారు, స్క్రూటినీలో మొదట చూసేది అదే. డిగ్రీ ఒక పేరుతో, నెట్ ఇంకో పేరుతో ఉంటే నీ పని ఎంత బాగున్నా ఫైలు పక్కకు పోతుంది. ఇలా నష్టపోయిన మంచి పరిశోధకులు నాకు తెలుసు. కానీ డిపార్ట్‌మెంట్ కంటే ముందు గైడ్‌ను చూసుకో. ఆయన లేదా ఆమె దగ్గర చేసినవాళ్లు ఊళ్లలో ఎంతకాలం ఉండి వచ్చారు, ఎన్నేళ్లకు థీసిస్ ఇచ్చారు అని పాత స్కాలర్లను అడుగు. బెంగళూరులో ఏట్రీ, ఐసెక్ అనే పరిశోధనా సంస్థలు, హైదరాబాద్‌లో సెస్ అనే పరిశోధనా సంస్థ, టిస్ క్యాంపస్, సెంట్రల్ యూనివర్సిటీ, ఇవన్నీ చూడదగ్గవే. ఏట్రీలో జీవశాస్త్రం వాళ్లూ సామాజికశాస్త్రం వాళ్లూ ఒకే చోట పనిచేస్తారు. చెరువు నీటి నాణ్యత గురించి నీకు సందేహమొస్తే పక్క గదిలో అడగొచ్చు.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. జేఆర్ఎఫ్ ఇప్పుడు నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, పైన హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం). మొత్తం ఐదేళ్లు. మీ నాన్నకు ఈ అంకె చెప్పు, ‘చదువు’ అనగానే ఆయన మనసులో ఫీజులే మెదులుతుంటాయి. అయితే ఫెలోషిప్ నెలనెలా ఒకటో తారీఖున పడుతుందనుకోకు. కొన్నిసార్లు నెలల తరబడి ఆగుతుంది, కాబట్టి మొదటి ఏడాదిలో కొంత వెనకేసుకో.

ఉద్యోగం: 2018 యూజీసీ నిబంధనల్లో యూనివర్సిటీ పోస్టుల షార్ట్‌లిస్టుకు పీహెచ్‌డీకి 30 మార్కులు, జేఆర్ఎఫ్‌కు 7, ప్రచురణలన్నిటికీ కలిపి 10, అనుభవానికి 10. అంటే డిగ్రీ, జేఆర్ఎఫ్ ఉంటే గుమ్మం దాకా వెళ్తావు, లోపలికి పోవడానికి ఖాళీలు పడాలి. మన రెండు రాష్ట్రాల్లో రాష్ట్ర యూనివర్సిటీల ఖాళీలు ఏళ్లకేళ్లు నిండకుండానే ఉన్నాయి. మధ్యలో రీసెర్చ్ అసోసియేట్‌గా, పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాత తాత్కాలిక పరిశోధన పోస్టు) కొన్నేళ్లు గడపాల్సి రావచ్చు. నేను గడిపాను. కష్టమే, కానీ నాకు బాగా పనికొచ్చిన ఫీల్డ్ అంతా ఆ ఏళ్లలోనే చేశాను.

తూముకాడ:

మేడమ్ బాగా చెప్పారు. నేను యూనివర్సిటీ మనిషిని కాను. కర్నూలు జిల్లాలో ఒక సంస్థ తరఫున నీటి సంఘాలతో పనిచేస్తున్నాను. అమ్మా, మీరు రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడి పుస్తకం ‘విలేజ్ రిపబ్లిక్స్’ కూడా చదవండి. 1988లో వచ్చింది. మా జిల్లా కాలువ కింది పల్లెల గురించే. కాలువ చివరి ఊళ్లలో, నీళ్ల కోసం కొట్లాట ఎక్కువగా ఉండేచోట, రైతులే ఉమ్మడిగా నీరుకట్టే మనుషుల్ని, చేను కావలివాళ్లను పెట్టుకున్నారని, దానికి ఊరి నిధి ఒకటి నడిపారని రాశాడు. కోతలయ్యాక చేలల్లో మేపుకునే హక్కు గొర్రెలవాళ్లకు వేలం వేసి ఆ నిధికి డబ్బు తెచ్చేవాళ్లు. కాలువ మొదట్లో, నీళ్లకు లోటు లేని ఊళ్లలో ఇవేమీ లేవట. ప్రభుత్వం నీటి సంఘాల చట్టం తెచ్చింది 1997లో. అంతకు ముందే జనం ఏం చేసుకున్నారో తెలియాలంటే ఈ పుస్తకం ఒక్కటి చాలు.

మీలాంటి స్కాలర్లకు నాదొక విన్నపం. సర్వే చేసుకొని వెళ్లాక మళ్లీ రండి. మా ఊళ్లలో ‘రాసుకొని పోయినారు, ఏమైందో తెలీదు’ అని అంటారు. మీరు ఏం తేల్చారో ఆ కురుమ కుటుంబాలను కూర్చోబెట్టి చెప్పండి. తప్పుంటే వాళ్లే దిద్దుతారు.

ఇంకోటి. పీహెచ్‌డీ చేసినవాళ్లు మా వైపు కూడా వస్తున్నారు. వాటర్‌షెడ్, వాతావరణ మార్పు ప్రాజెక్టుల్లో ఊరిని చదవగలిగే మనిషికి పని ఉంది. జీతం యూనివర్సిటీ అంత ఉండదు, ప్రాజెక్టు అయిపోతే పని కూడా ఆగొచ్చు.

శిఖం_భూమి:

అక్కా, సార్, ఇద్దరికీ ధన్యవాదాలు. ఫెలోషిప్ అంకె చెప్పగానే నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ‘సరే, కనుక్కో’ అన్నాడు. లెక్కల గురించి కూడా చెప్పండి అక్కా.

మెట్టచేను:

ఎలినార్ ఆస్ట్రమ్ గురించి చెబుతాను. అమెరికాలో ఆమె ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేయాలనుకుంటే, త్రికోణమితి చదవలేదని యూసీఎల్ఏలో ఆ డిపార్ట్‌మెంట్ రానివ్వలేదు. ఆడపిల్లలకు ఆ లెక్కలు అక్కర్లేదని బడిలోనే ఆపేసిన కాలం అది. పొలిటికల్ సైన్స్‌లో చేరి, లాస్ ఏంజెలెస్ దగ్గర వెస్ట్ బేసిన్ భూగర్భజలాల మీద 1965లో థీసిస్ ఇచ్చారు. అందరూ బోర్లు తోడేయడంతో సముద్రపు నీరు లోపలికొస్తుంటే, నీళ్లు వాడుకునేవాళ్లే కలిసి ఎలా కట్టడి చేసుకున్నారన్నది విషయం. భర్తకు ఇండియానా యూనివర్సిటీలో ఉద్యోగం వస్తే ఆమెకు దక్కింది పొద్దున ఏడున్నర క్లాసు. 1973లో ఇద్దరూ కలిసి అక్కడే ఒక వర్క్‌షాప్ పెట్టారు. రైతులు కట్టుకున్న నేపాల్ కాలువలు ప్రభుత్వం కట్టినవాటి కంటే బాగా నడుస్తున్నాయని ఆ బృందం చూపించింది. 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆమే. గేమ్ థియరీ (ఒకరి నిర్ణయం మరొకరి మీద ఆధారపడేచోట వాడే లెక్క) అవసరమైనప్పుడు పట్టుబట్టి నేర్చుకున్నారు, వచ్చినవాళ్లతో కలిసి పనిచేశారు. నీకూ కొంత రావాలి. రిగ్రెషన్ (ఒక అంశం మారితే ఇంకొకటి ఎంత మారుతుందో చూసే లెక్క) చదివి అర్థం చేసుకునేంత, శాంపిల్ సరిగ్గా తీసేంత. కోర్స్‌వర్క్ ఏడాదిలో అది పట్టుబడుతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటి చెబుతాను. జోధాకు 1950-52 దొరికినట్టు నీకూ ఒక పాత సంవత్సరం కావాలి. మన తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఊరి భూముల పాత రికార్డు, ఉంది. మీ ఊరిదానికి నకలు కోసం దరఖాస్తు పెట్టు. శిఖం ఎంత, గైరాన్ ఎంత, ఏ సర్వే నంబర్లలో ఉందో రాసుకో. తర్వాత పదేళ్లకొక పహాణీ తీసి పక్కన పెట్టు. ఆ కాగితాలు పట్టుకొని ఊళ్లో పెద్ద వయసు గొర్రెలకాపరి ఎవరైనా ఉంటే ఆయనతో కలిసి ఆ హద్దులన్నీ నడిచిరా. వచ్చాక రెండు పేజీల్లో రాసి నాకు మెసేజ్ పెట్టు, సినాప్సిస్‌గా (పీహెచ్‌డీకి ఇచ్చే పరిశోధన ప్రతిపాదనగా) ఎలా మార్చాలో కలిసి చూద్దాం. ఇంటర్వ్యూ ప్యానెల్ ముందు ఆ పట్టిక పెడితే ఇది ఏ సబ్జెక్టన్న మాట వెనక్కి పోతుంది, ఆ నేల ఎటు పోయిందని అడుగుతారు.