‘విరతి’: విరామమా, వైరాగ్యమా?

నారాయణగూడ నుంచి: పాశ్చాత్య సంగీతకర్త హైడన్ 1781లో రచించిన ఓపస్ 33 (33వ సంఖ్య గల రచనల సంపుటి)లోని రెండవ క్వార్టెట్, అంటే నాలుగు తంత్రీవాద్యాల రచన, అదే ‘జోక్’ అని పేరుపడినది, రికార్డింగులో వింటుంటే త్యాగరాజ కీర్తన ‘సొగసుగా మృదంగ తాళము’ చరణంలోని ‘యతి విశ్రమ సద్భక్తి విరతి’ అన్న మాటలు నన్ను వదలడం లేదు. ఆఖరి భాగం ముగింపులో రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో కలిసి పల్లవిలాంటి ఆ వరుసను నాలుగు ముక్కలుగా విరిచి, నడుమ నడుమ ఆగి, ఇక అయిపోయిందని శ్రోత చప్పట్లకు సిద్ధపడేంత సేపు మౌనం వహించి, మొదటి ముక్కనే అతి మెల్లని నాదంతో మళ్ళీ వాయించి ఊరుకుంటాయి. ఈ బృందం ఆ మౌనాలలో సైతం లయను సడలనివ్వలేదు. నాలుగు కమానులూ ఒక్కసారే లేస్తున్నాయి. విరతి అంటే ఇదే కదా?

చిక్కడపల్లి నుంచి: కాదండీ. సద్భక్తి పక్కన నిలిచిన విరతి వైరాగ్యమే. యతి, విశ్రమ అని రెండు మార్లు ఆగిన వాగ్గేయకారుడు మూడోసారి కూడా ఆగుతాడా?

నల్లకుంట నుంచి: రెండు మార్లు ఆగాడని ఎవరన్నారు? ‘యతిర్విచ్ఛేదః’, యతి అంటే విరుపు, అన్నది సంస్కృత ఛందస్సు మాట. తెలుగు యతి అక్షరమైత్రి. పోతనగారి ‘మందార మకరంద మాధుర్యమునఁ దేలు’ చూడండి. ‘మం’కు ‘మా’ యతి కుదిరింది గాని, అది ‘మకరందమాధుర్యము’ అనే సమాసం నడుమ పడినందున అక్కడ ఆగితే పద్యమే చెడుతుంది. ఆ సీసాన్ని ఆగకుండా చదివినవారికే ఆ తేనె అందుతుంది. కనుక యతి మైత్రి, విశ్రమం విరామం, విరతి వైరాగ్యం.

నారాయణగూడ నుంచి: మరి కీర్తనలో ‘యతి’కి మైత్రి ఎక్కడుంది?

నల్లకుంట నుంచి: రెండో పాదం ‘యుత కృతిచే’ అని మొదలవుతుంది. యకారానికి యకారం, తకార ప్రాసకు తకారం. మొదటి పాదం చివర ‘నవరస’ను నిలిపి, ‘నవరసయుత’ సమాసాన్ని విరిచి మరీ కూర్చారు.

చిక్కడపల్లి నుంచి: అది గాయకుల విరుపు కావచ్చు. పైగా ‘సద్భక్తివిరతి’ని ఒకే సమాసంగా చదివితే భక్తి నుంచి విరమించుకోవడమనే అనర్థం వస్తుంది, ‘క్తి’ తరువాత గొంతు తెగాలి.

నల్లకుంట నుంచి: భక్తీ, విరతీ అని ద్వంద్వ సమాసంగా గ్రహిస్తే తెగనక్కరలేదు. ఈ కీర్తన రాగమైన శ్రీరంజనిలో అక్కడ గొంతు తెంచి పాడినవారిని నేనైతే వినలేదు. మీరు వింటే ఎవరి పాఠాంతరమో తెలియజేయండి.