లక్నవరంలో ఫొటోలు: వెనుక నీళ్లుంటే ముఖం నల్లబడుతోంది

ప్రశ్న: అన్నలూ, మా అక్క, బావల ఫొటోలు వచ్చే వారం లక్నవరం చెరువు దగ్గర తీయాలి. అక్కది ముదురాకుపచ్చ పట్టుచీర. వెనుక నీళ్లు మెరిస్తే ముఖాలు నల్లగా వస్తున్నాయి. 50 ఎంఎం లెన్స్ ఒక్కటే ఉంది, ఫ్లాష్ లేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, నీళ్ల మెరుపు చూసి వెలుతురు బాగా ఎక్కువుందనుకుని కెమెరా ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుతురు) తగ్గించేస్తుంది. స్పాట్ మీటరింగ్ (ఒక్క చిన్న చోటు వెలుతురునే కొలిచే సెట్టింగ్) పెట్టి అక్క బుగ్గ మీద రీడింగ్ తీసుకో, లేదంటే ఎక్స్‌పోజర్‌ని మనమే పెంచే కాంపెన్సేషన్ సెట్టింగ్‌ని +1 నుంచి మొదలుపెట్టు. నీళ్లు కాస్త తెల్లబడితే తెల్లబడనీ, అక్క ముఖమే ముఖ్యం. ఎండ వాళ్ల వీపు మీద పడుతుంటే ముందు నుంచి తెల్ల థర్మోకోల్ షీటు పట్టించు, ఛాతీ ఎత్తులో. మరీ కిందికి పెడితే గడ్డం కింద వెలుగొచ్చి ముఖం వింతగా ఉంటుంది.

జవాబు: వేలాడే వంతెన మీద వద్దు తమ్మీ, జనం నడుస్తుంటే ఊగుతుంది. గట్టునే తియ్యి. అవతలి ఒడ్డు గీత సరిగ్గా మెడ దగ్గర పడితే ఫొటో పాడైనట్టే. నువ్వు ఎత్తులో నిలబడితే ఆ గీత తలల పైకి పోయి వెనుకంతా నీళ్లే మిగులుతాయి. మోకాళ్ల మీద కూర్చుంటే నడుము దగ్గరికి దిగుతుంది.

ప్రశ్న అడిగినవారు: నీళ్ల మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ కొనాలా అన్నా?

జవాబు: మెరుపే కావాలనుకుంటే అక్కర్లేదు. అది మెరుపుతోపాటు ఒకటి రెండు స్టాపుల వెలుతురు కూడా తినేస్తుంది, ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది. ఇద్దరూ ఫోకస్‌లో ఉండాలి కాబట్టి లెన్స్ అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/4 పెట్టు.