యూరియా కలిపిన వరిగడ్డికి బూజు పడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: పశువుల మేత కోసం మాగబెట్టడానికి 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 60 లీటర్ల నీళ్లు కలిపాం. 15 రోజులకే పైన కప్పిన ప్లాస్టిక్ పట్టా తీస్తే పక్కల తెల్లబూజు, అడుగున ఘాటు వాసన లేదు. బేళ్లు విప్పకుండానే పేర్చాం. లోపం ఎక్కడ?

జవాబు 1: బేళ్లు విప్పకపోవడమేనండి. బిగించి కట్టిన బేలులోకి నీళ్లు దిగవు. విప్పి జానెడు మందాన పరచి, పూలకుండీల చెంబుతో ద్రావణం సమంగా చల్లి, ప్రతి పొరా తొక్కండి. గాలి మిగిలిన చోటే బూజు. పట్టా అంచుల మీద మట్టి వేసి కప్పండి.

జవాబు 2: 15 రోజులు చాలవు. ఎండాకాలంలో 21 రోజులు, ఈ చలిలో 28 ఉంచాలి. బాగా మాగిన గడ్డి ముదురు పసుపు రంగులో, మెత్తగా ఉంటుంది, యూరియా నుంచి వచ్చే అమ్మోనియా వాయువు ఘాటుకు కళ్లు మండుతాయి. ఒక పక్కే తెరిచి, రోజుకు కావలసినంత తీసి, గంటసేపు ఆరబెట్టి వేయండి. బూజు పట్టినది పారేయండి, పశువుకు పెట్టొద్దు.

జవాబు 1: ఇంకోటి. మొదటి వారం మామూలు గడ్డిలో పావు వంతే కలపండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు, వాటి పొట్ట ఇంకా యూరియాను వాడుకోలేదు. కలిపిన నీళ్ల బకెట్ కొట్టంలో వదలొద్దు, గేదె తాగితే ప్రాణం మీదికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు: పాలిచ్చే గేదెలకు ఈ మాగిన గడ్డి ఒక్కటే సరిపోతుందా?

జవాబు 2: సరిపోదండి. పచ్చిమేత, దాణా, ఖనిజ లవణ మిశ్రమం తగ్గించొద్దు.