షుగర్ పుండుకు పీఆర్‌పీ: చేయించుకున్నవారు ఎవరైనా ఉన్నారా?

మా నాన్నగారికి చాలాకాలంగా మధుమేహం. కుడి అరికాలిలో, బొటనవేలి మొదట్లో పడిన పుండు నెలలు గడుస్తున్నా మానడం లేదు. డాప్లర్‌లో రక్తప్రసరణ బాగానే ఉందన్నారు. ఎమ్మారైలో ఎముకకు ఇన్ఫెక్షన్ కనిపించలేదు. స్పర్శే దాదాపు పోయింది. చెప్పులో రాయి ఉన్నా ఆయనకు తెలియదు.

ఒక సర్జన్ పీఆర్‌పీ చేద్దామంటున్నారు. నాన్నగారి రక్తమే తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న భాగాన్ని పుండుపై పెడతారట. వాటి నుంచి వెలువడే వృద్ధి కారకాలు కొత్త కణజాలం పెరిగేలా చేస్తాయట. మరో డాక్టరుగారేమో పీడీజీఎఫ్ జెల్ (అలాంటి ఒక వృద్ధి కారకమే ఉన్న పూతమందు) చాలంటున్నారు. ఆ రకం మందుకు అమెరికాలో 1997లోనే అనుమతి వచ్చింది కాబట్టి కొత్త ప్రయోగమన్న భయం లేదు, ధర గురించే బెంగ.

వీటిలో ఏదైనా వాడినవారు చెప్పండి: ఎన్ని విడతలు పట్టింది? మానిన చోట మళ్లీ పుండు లేచిందా?

అసలు సందేహం ఇంకొకటి. పాదంపై బరువు పడకుండా చూడకపోతే, చచ్చిన కణజాలాన్ని ఎప్పటికప్పుడు తీసేయకపోతే ఏ జెల్లూ పనిచేయదని చదివాను. మాకు మాత్రం బరువు తప్పించే టోటల్ కాంటాక్ట్ కాస్ట్ మాట ఎవరూ ఎత్తలేదు. నాన్నగారు మామూలు చెప్పులతోనే తిరుగుతున్నారు. ముందు దాని గురించి గట్టిగా అడగాలా? గుంటూరు, విజయవాడల్లో ఆ కట్టు వేసేవారు ఉన్నారా? పసుపు, ఆకు పసరు సలహాలు బంధువులు ఇప్పటికే బోలెడు ఇచ్చారు, అవి వద్దు.