మిడి కీబోర్డులో లైటు వెలుగుతోంది, శబ్దం రావడం లేదు: వెనక్కి పంపేయమంటారా?

ప్రశ్న (విజయనగరం నుంచి)

అందరికీ నమస్కారం. మాది విజయనగరం, గంటస్తంభం దగ్గర. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది, చిన్నప్పటి నుంచి గాత్రం నేర్చుకుంటోంది. కీబోర్డు కూడా వాయిస్తానంటే 49 మెట్ల మిడి కీబోర్డు ఆన్‌లైన్‌లో తెప్పించాను. యూఎస్‌బీ వైరుతో లాప్‌టాప్‌కి కలిపాం. లైటు వెలిగింది. విండోస్ కూడా కొత్త పరికరం వచ్చిందని చూపించింది. మెట్టు నొక్కితే మాత్రం ఏమీ వినిపించదు. కీబోర్డుకి స్పీకర్ లేదు, హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటు కూడా లేదు. తెలిసిన రిపేరు షాపులో చూపిస్తే పీసు పాడైంది, వెనక్కి పంపేయమన్నారు. తిరిగి పంపే గడువు ఎల్లుండితో అయిపోతుంది. పిల్ల మొహం చూస్తే బాధగా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు (శ్రీకాకుళం నుంచి)

పంపకండి మాస్టారూ. మీరు చెప్పినదాన్ని బట్టి కీబోర్డు బాగానే ఉంది. నేను పెళ్లిళ్లకీ భజనలకీ కీబోర్డు వాయిస్తాను. మొదటిసారి ఇలాంటిది కొన్నప్పుడు నేనూ రెండు రోజులు ఇదే టెన్షన్ పడ్డాను.

హార్మోనియంలో మెట్లు ఉంటాయి, తిత్తి ఉంటుంది, లోపల రీడ్లు ఉంటాయి. మీరు కొన్నదాంట్లో మెట్లు మాత్రమే ఉన్నాయి. తిత్తీ రీడ్లూ కంప్యూటర్‌లో పెట్టుకోవాలి. వాటినే వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్లు అంటారు. మెట్టు నొక్కగానే వైరులో శబ్దం వెళ్లదు, చిన్న కబురు వెళ్తుంది: ‘60వ నంబరు మెట్టు నొక్కారు, బలం 90’ అని. వదిలినప్పుడు ఇంకో కబురు. మెట్ల నంబర్లు 0 నుంచి 127 వరకు, బలం కూడా 127 దాకానే. 1983లో వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పెట్టుకున్న పద్ధతి ఇది, దీన్నే మిడి అంటారు. ఇప్పటికీ అదే నడుస్తోంది. ఆ కబురు అందుకుని మోగే ప్రోగ్రాం మీ లాప్‌టాప్‌లో లేదు, అందుకే నిశ్శబ్దం.

ఈ రాత్రికి ఒక్క పని చెయ్యండి. సర్జ్ ఎక్స్‌టీ అని ఉచిత సింథసైజర్, అంటే శబ్దాలు పుట్టించే ప్రోగ్రాం ఉంది. అది దించుకుని, వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ లేకుండా దాన్నొక్కదాన్నే తెరవండి. కిటికీ పైన ఆప్షన్స్ నొక్కితే ఆడియో, మిడి సెట్టింగులు వస్తాయి. అక్కడ టెస్ట్ అని ఒక బటన్ ఉంటుంది. ముందు అది నొక్కండి. కూత వినిపించకపోతే తప్పు స్పీకర్ వైపు ఉంది, కీబోర్డుని అనుకోవక్కర్లేదు. కూత వినిపించి మెట్టు మాత్రం మోగకపోతే తప్పు కీబోర్డు కబురు వచ్చే దారిలో ఉంది. అదే పేజీలో మిడి ఇన్‌పుట్ల కింద మీ కీబోర్డు పేరు పక్కన టిక్ పెట్టండి. ఈ రెండూ విడదీసి చూడకపోతే చీకట్లో వెతుక్కున్నట్టే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

తమ్ముడూ, ఇప్పుడే చేశాం. మొదట టెస్ట్ నొక్కినా ఏమీ లేదు. చూస్తే శబ్దం టీవీ వైరు వైపు వెళ్తోంది. నిన్న సినిమా చూడటానికి టీవీకి కలిపి ఉంచాం. అవుట్‌పుట్ మార్చగానే కూత వచ్చింది. తర్వాత మిడి ఇన్‌పుట్‌లో టిక్ లేదు, పెట్టాం. మోగింది! కీబోర్డు వెనక్కి పంపడం లేదు.

ఇంకో రెండు సందేహాలు. ఇది ఎలక్ట్రానిక్ మోతలా ఉంది, అమ్మాయికి పియానో కావాలి. రికార్డింగ్ కోసం రీపర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా వేశాం, అందులో మళ్లీ శబ్దం రావడం లేదు.

జవాబు (విజయనగరం నుంచి, ఇంట్లో పాటలు రికార్డు చేసుకునే గృహిణి)

అన్నయ్యగారూ, రీపర్ తెరిచే ముందు సర్జ్ మూసేశారా? విండోస్‌లో చాలా కీబోర్డులు ఒకసారి ఒక్క ప్రోగ్రాంకే చిక్కుతాయి. మొదట తెరిచింది పట్టుకుని కూర్చుంటుంది, రెండోదానికి అందదు. నాకు ఈ సంగతి తెలియడానికి చాలా రోజులు పట్టింది.

అది మూసేసి, రీపర్‌లో ఆప్షన్స్, ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి మిడి ఇన్‌పుట్ల పేజీ తెరవండి. కీబోర్డు పేరు మీద కుడి క్లిక్ చేసి ఎనేబుల్ చెయ్యండి. తర్వాత ఇన్‌సర్ట్ మెనూలో వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్‌తో కొత్త ట్రాక్ తీసుకోండి. ట్రాక్ మీద ఎర్ర బటన్ వెలగాలి, ఇన్‌పుట్ మైకు కాకుండా మిడి అయి ఉండాలి, మానిటర్ ఆన్‌లో ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా మోగదు. మెట్టు నొక్కితే ట్రాక్ మీటరు కదులుతూ శబ్దం రాకపోతే మళ్లీ స్పీకర్ ఎంపిక చూసుకోండి. రీపర్ 60 రోజులు డబ్బు కట్టకుండా పూర్తిగా వాడి చూడొచ్చు.

పియానోకి సఫోర్జాండో అనే ఉచిత ప్లేయర్ వేసుకుని, అందులో సాలమాండర్ గ్రాండ్ పియానో పెట్టుకోండి. నిజమైన యమహా సీ5 పియానోని 16 రకాల బలంతో వాయించి రికార్డు చేసింది. మెల్లగా తాకితే మెత్తగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. పెద్ద ఫైలు, వైఫై ఉన్నచోట దించుకోండి.

మెట్టు నొక్కిన కాసేపటికి శబ్దం వస్తోందా? అది బఫర్ వల్ల, అంటే కంప్యూటర్ శబ్దాన్ని పంపేముందు కొంచెం కొంచెంగా పోగేసుకోవడం వల్ల. శాంపిల్ రేటు 44,100 ఉన్నప్పుడు బఫర్ 1024 ఉంటే 23 మిల్లీసెకన్లు, 256కి తగ్గిస్తే సుమారు 6. ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేస్తే మామూలు లాప్‌టాప్‌లో కూడా తగ్గించుకోవచ్చు. మరీ తగ్గిస్తే చిటపటమంటుంది, అప్పుడు బఫర్ కొంచెం పెంచండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం వాయించేటప్పుడు వద్దు. వైరు హెడ్‌ఫోన్ చవకదైనా సరే, అదే మేలు.

అమ్మాయి ఏ శ్రుతిలో పాడుతుంది?

ప్రశ్న అడిగినవారు

ఐదున్నర అమ్మా. పియానో వచ్చేసింది. సర్జ్ మూయకపోవడమే కారణం. మీకు చాలా కృతజ్ఞతలు. ఇంతకీ కీబోర్డు మీద గమకాలు వస్తాయా అని అడుగుతోంది.

జవాబు (విజయనగరం నుంచి, అదే గృహిణి)

అయితే ట్రాన్స్‌పోజ్, అంటే అన్ని మెట్ల శ్రుతినీ ఒకేసారి జరిపే సెట్టింగు, నాలుగు కిందకి పెట్టండి. తెల్ల మెట్ల మీద సి దగ్గర స మొదలుపెట్టి వాయిస్తే ఐదున్నర శ్రుతిలోనే మోగుతుంది. స్థాయి మార్చే ఆక్టేవ్ బటన్లు పొరపాటున నొక్కేస్తే స్వరం మరీ పైకో కిందకో పోయి వినిపించదు, కీబోర్డు పాడైందనుకునేరు. రెండు ఆక్టేవ్ బటన్లూ కలిపి నొక్కితే చాలా కీబోర్డుల్లో మామూలు స్థితికి వస్తుంది.

జవాబు (బొబ్బిలి నుంచి, వీణ సాధన చేసేవారు)

గమకం గురించి నా మాట. వీణలో తీగ లాగుతాం, అక్కడే గమకం పుడుతుంది. వయొలిన్ పడమటి నుంచి వచ్చినా మెట్లు లేవు కాబట్టి వేలు జారింది, గమకం పలికింది. 1919లో మొదలైన మీ ఊరి సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు బోధించింది ఆ వాయిద్యమే. కీబోర్డు స్థాయికి పన్నెండు గట్టి మెట్ల దగ్గర ఆగిపోతుంది.

కొంతవరకు చెయ్యొచ్చు. పక్కన ఉండే పిచ్ బెండ్ చక్రం మామూలుగా రెండు అర్ధస్వరాలే వంగుతుంది. సర్జ్ లాంటి సింథసైజర్‌లో ఆ పరిధి పెంచి, మోనో మోడ్‌లో (ఒకసారి ఒక్క స్వరమే పలికేలా) పోర్టమెంటో అనే జారుడు సెట్టింగు పెడితే ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారుతుంది. ఎడమచెయ్యి చక్రం మీదే ఉండాలి, చాలా సాధన కావాలి. పియానో శబ్దంతో ఇది బాగుండదు, వేణువు లాంటి నిలిచే శబ్దం తీసుకోండి. అయితే తోడి, భైరవి లాంటి రాగాలు దీని మీద నేర్పొద్దని నా ప్రార్థన. చెవి చెడుతుంది. స్వరస్థానాలు గుర్తుపట్టడానికి, అలంకారాలకి, పాటకి తోడుగా కొన్ని స్వరాలు కలిపి వాయించడానికి బాగా పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు

మీ మాట అమ్మాయికి చదివి వినిపించాను, గురువుగారిని కూడా అడిగి చేస్తానంది. ఈ రాత్రి మాయామాళవగౌళలో సరళీ వరుసలు వాయించింది, వాళ్ల అమ్మ వంటింట్లోంచి వచ్చి విన్నది. చివరి సందేహం: పాదంతో తొక్కే సస్టెయిన్ పెడల్ పెడితే తొక్కనప్పుడు స్వరం సాగుతూనే ఉంది, తొక్కితే ఆగిపోతోంది.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

పెడల్ తిరగబడింది మాస్టారూ, పాడవలేదు. యూఎస్‌బీ వైరు తీసేసి, పెడల్ జాక్ పెట్టి, దాని మీద కాలు లేకుండా మళ్లీ వైరు పెట్టండి. చాలా కీబోర్డులు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ ఎలా ఉందో చూసి అదే ‘తొక్కని స్థితి’ అని రాసుకుంటాయి. కుదరకపోతే పెడల్ అడుగున చిన్న స్విచ్ ఉందేమో చూడండి, దాన్ని రెండో వైపుకి జరిపి మళ్లీ వైరు పెట్టండి.