అవిసె గింజల జిగురు ఆరాక ముఖం లాగుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
మాది ఆదిలాబాద్. చలి మొదలైతే చాలు, బుగ్గలు తెల్లగా పొడిబారి మండుతాయి. క్రీముల్లో సెంటు నాకు పడదు. అందుకని అవిసె గింజలు ఉడికించి ఆ జిగురు రాస్తున్నాను. రాసినప్పుడు హాయిగా ఉంటుంది, ఆరాక లాగుతుంది. సబ్జా అయితే ఉడికించే పని లేదు, అది మేలా? విటమిన్ ఇ క్యాప్సూల్ కలిపితే నెల రోజులు నిలవ ఉంటుందా?

జవాబు 1:
సబ్జా వద్దు అక్కా. చన్నీళ్ళలో ఐదు నిమిషాలకే ఉబ్బుతుంది గానీ జిగురు గింజను వదలదు. గుడ్డలో ఎంత పిండినా రాదు. అవిసెలే నయం, వేడిగా ఉన్నప్పుడే వడకట్టెయ్యాలి. చల్లారితే చిక్కబడి గుడ్డలోంచి దిగదు.

జవాబు 2:
నేను క్రీముల తయారీలో పనిచేస్తానండీ. అవిసె జిగురంతా గింజ పైపొరలో ఉంటుంది. అరబినోజైలాన్ లాంటి పొడవాటి చక్కెర గొలుసులు అవి. నీటిని బాగా పట్టుకుంటాయి, ఆరితే చర్మం మీద పల్చటి పొరగా మిగులుతాయి. మీకు లాగుతున్నది ఆ పొరే. అందులో నూనె లేదు కాబట్టి పొడి గాలిలో తేమ ఆగదు. ముఖం కడిగి, తడి ఉండగానే పల్చగా రాయండి. పూర్తిగా ఆరకముందే సెంటు లేని క్రీమో, రెండు చుక్కల కొబ్బరి నూనో అద్దండి.

నిలవ విషయంలో మాత్రం దయచేసి జాగ్రత్త. నీళ్ళు, చక్కెరలు కలిసి ఉన్నచోట బ్యాక్టీరియా, బూజు ఇట్టే పెరుగుతాయి. విటమిన్ ఇ అనేది నూనె పాడై చెడు వాసన రాకుండా చూస్తుంది, అంతే. సూక్ష్మజీవులను ఆపదు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు సరిపడా చేసుకోండి. వాసన మారినా, జిగురు నీళ్ళలా పల్చబడినా పారబోయండి. మొదట మోచేతి లోపల రాసి ఒక రోజు చూడండి. చర్మం పగిలి రసి కారుతుంటే అసలు రాయకండి, స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. మెంతులు పనికొస్తాయా? ఐస్ ట్రేలో గడ్డకట్టించి ఉంచుకోవచ్చా?

జవాబు 2:
మెంతి జిగురు పైపొరలో కాదు, గింజ లోపలి భాగంలో ఉంటుంది. రాత్రంతా నానబెట్టి రుబ్బితే గానీ సరిగా రాదు, వాసన కూడా ముఖాన్ని వదలదు. ఐస్ ట్రే మంచి పద్ధతి. రాత్రికి ఒక ముక్క తీసి కింది అరలో పెట్టుకోండి. కరిగినదాన్ని మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టకండి.