కాకినాడ నుంచి నిజాంపట్నం దాకా చిన్న తెరచాప పడవలో, మధ్యమధ్యలో సైకిల్ మీద: మా ప్లాన్ చూసి చెప్పండి

సాగర్_అన్నదమ్ములు:
అందరికీ నమస్కారం. నేనూ మా తమ్ముడూ హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నాం. 14 అడుగుల ఫైబర్ పడవ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మార్చిలో దాన్ని ట్రాలీ మీద కాకినాడ తీసుకెళ్లి, అక్కడి నుంచి తీరం వెంబడే దక్షిణానికి నిజాంపట్నం దాకా వెళ్లాలని ఆలోచన. రెండు మడత సైకిళ్లు పడవలోనే కట్టుకుంటాం. ఎక్కడ ఒడ్డు దిగితే అక్కడ లోపలి ఊళ్లు సైకిల్ మీద తిరిగి, మళ్లీ పడవెక్కాలి.

మా అమ్మమ్మగారిది రాజోలు దగ్గర. చిన్నప్పుడు సెలవులకి బస్సు కిటికీలోంచి చూసిన గోదావరి కొసలను ఒక్కసారి నీళ్ల మీంచి చూడాలని మా ఇద్దరికీ ఎప్పటి నుంచో కోరిక. మార్చి సరైన నెలేనా? రాత్రిళ్లు హోప్ ఐలాండ్ లాంటి చోట్ల టెంట్ వేసుకోవచ్చా? అమెరికా నుంచి మా బావ ఒక శాటిలైట్ మెసెంజర్ (ఫోన్ సిగ్నల్ లేని చోట ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం) పంపిస్తానంటున్నాడు, తెప్పించుకోమంటారా?

కాకినాడ_ఉప్పుగాలి:
తమ్ముడూ, మాది కాకినాడ ఏటిమొగ. మా నాన్న తెరచాప కాలం మనిషి, నేను ఇంజన్ బోట్ల మధ్య పెరిగాను. మీ కోరిక మంచిది, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు నెలన్నా మార్చుకోండి, దిక్కన్నా మార్చుకోండి. మార్చికల్లా మన తీరం వెంట సముద్రపు నీటి ప్రవాహం ఉత్తరానికి తిరిగిపోతుంది, గాలి కూడా ఎక్కువగా దక్షిణం వైపు నుంచే పడుతుంది. కాకినాడ నుంచి కిందికి దిగుతానంటే రెండూ ఎదురే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, అది ఎటూ వద్దు. సంక్రాంతి అవగానే బయల్దేరితే ఈశాన్యపు గాలి వెనక నుంచి తోస్తుంది. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం మీదికి, మధ్యాహ్నం నుంచి సముద్రం మీంచి నేల మీదికి గాలి తిరుగుతుంది. ఇంజన్లు రాకముందు మా వాళ్లు ఈ రెండు గాలులతోనే బతికారు. చీకటితో వెళ్లేవారు, పొద్దెక్కాక వచ్చేవారు.

ఇక అసలు సంగతి మొగలు, అంటే నది సముద్రంలో కలిసే చోట్లు. నాకు బెంగ అంతా అక్కడే. గోదావరి ఏ పాయ సముద్రంలో కలిసే చోటైనా, నది తెచ్చిన ఇసుక నీటి కింద మేట వేసి ఉంటుంది. దూరం నుంచి చూస్తే నీళ్లు మామూలుగానే కనిపిస్తాయి. పాటు (సముద్రం వెనక్కి తీసే) సమయంలో నది నీరు బయటికి తోస్తుంటే, ఎదురుగా వచ్చే కెరటం ఆ మేట మీద ఒక్కసారిగా నిలువునా లేచి విరుగుతుంది. పడవ కాస్త అడ్డం తిరిగిందంటే రెండో కెరటానికి బోల్తా. లోపలికి రావాలంటే పోటు (సముద్రం పొంగే వేళ) మీదే రండి, పాటు మొదలయ్యాక మొగ జోలికి వెళ్లకండి. వరద వచ్చినప్పుడల్లా మేట చోటు మారుతుంది కాబట్టి ఫోన్‌లో మ్యాప్ చూసి దారి పెట్టుకోవద్దు. ఆ ఊరి మనిషిని వెంటబెట్టుకోండి. కూలి ముందే మాట్లాడి, గౌరవంగా ఇవ్వండి.

అందుకని నా సలహా ఏమిటంటే, బయటి సముద్రాన్ని వదిలేయండి. కాకినాడ అఖాతంలో పడవ నడపండి. దాదాపు 16 కిలోమీటర్ల ఇసుక దిబ్బ హోప్ ఐలాండ్ అడ్డుగా ఉంది కాబట్టి లోపల కెరటం తక్కువ. అయితే లోతూ తక్కువే. పాటు తీసిందంటే మడ అడవి పక్కన పడవ బురదలో కూర్చుంటుంది, మళ్లీ పోటు వచ్చేదాకా కదలదు. దిగి తోద్దామంటే మోకాలి దాకా దిగబడతారు. ఆ తర్వాత పడవను ట్రాలీ ఎక్కించి, మీరు యానాం మీదుగా సైకిళ్ల మీద కోనసీమ దాటండి. చించినాడ వంతెన దగ్గర మళ్లీ పడవ దింపితే, గోదావరి పాయ వశిష్ఠ మీద అంతర్వేది దాకా నదిలోనే వెళ్లొచ్చు. నది సముద్రంలో కలిసే దగ్గరున్న అన్నాచెల్లెళ్ల గట్టు కనిపించే చోటికి ముందే ఆగిపోండి. అలాగే నాగాయలంక దగ్గర కృష్ణ పాయలో ఇంకో రెండు రోజులు గడపండి. మీ అమ్మమ్మగారి గోదావరి మీకు నదిలోంచే బాగా కనిపిస్తుంది.

రెండుచక్రాల_రాజోలు:
సైకిల్ సంగతి నేను చెబుతా. 216 జాతీయ రహదారి పట్టుకుంటే గోదావరి ఇంకో పాయ వైనతేయ మీద బోడసకుర్రు వంతెన, వశిష్ఠ మీద చించినాడ, కృష్ణ మీద పెనుమూడి–పులిగడ్డ, అన్నీ దాటేయొచ్చు. కానీ లారీల రద్దీ ఎక్కువ. వీలైన చోటల్లా కాలవగట్టు రోడ్లు పట్టుకోండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (జనాన్ని, బండ్లను నది దాటించే పెద్ద పడవ) మీద దాటడం మాత్రం వదులుకోవద్దు, సైకిల్ ఎక్కించనిస్తారు. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో స్వామి రథోత్సవం, దాని ముందు రాత్రి కల్యాణం, ఆ నాలుగు రోజులూ పంటు రేవులో కాలు పెట్టే చోటుండదు. తేదీలు చూసుకోండి.

మడత సైకిల్ 20 అంగుళాల చక్రాలదైతే తెండి. పిల్లల సైకిళ్ల ట్యూబులు ఆ సైజులో మన ఊళ్లలో దొరుకుతాయి. 16 అంగుళాల ఖరీదైన సైకిళ్ల ట్యూబు పాడైతే కొరియర్ కోసం ఎదురుచూడాల్సిందే. ఉప్పునీళ్లు తగిలిన రోజే మంచినీళ్లతో కడిగి, గొలుసుకి ఆయిల్ పెట్టండి. ఒక్క రాత్రి వదిలేస్తే పొద్దున్నకి లింకుల మీద ఎర్రటి పొడి లేస్తుంది, మడత దగ్గరి బోల్టు బిగుసుకుపోతుంది. ఆ బోల్టుకి బయల్దేరేముందే గ్రీజు పెట్టించండి.

తీరం_కాపలా:
శాటిలైట్ మెసెంజర్ తెప్పించుకోవద్దు. మన దేశంలో అనుమతి లేకుండా అలాంటివి ఉంచుకోవడం నేరం. వాటితో విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్న విదేశీయులు ఉన్నారు. ఫోన్లు వాటర్‌ప్రూఫ్ కవర్లో పెట్టుకోండి. కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093, ఈ రెండు నంబర్లూ పడవ లోపల పెయింట్‌తో రాసుకోండి. బయల్దేరేముందు దగ్గరి మెరైన్ పోలీస్ స్టేషన్‌లో పేర్లు, పడవ రంగు, తిరిగొచ్చే టైమ్ ఇచ్చి వెళ్లండి. ఆధార్ వెంట ఉండాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్రప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) కెరటాల ఎత్తు, గాలి అంచనాలు ఇస్తుంది, రోజూ చూడండి.

హోప్ ఐలాండ్‌లో టెంట్ ఆలోచన మానుకోండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం. టార్చిలైటు వెలుగు కూడా వాటిని బెదరగొడుతుంది. కోరంగి అభయారణ్యం పరిధిలో ఎక్కడ తిరగాలన్నా ముందు అటవీశాఖను అడగండి.

సాగర్_అన్నదమ్ములు:
అందరికీ చాలా థాంక్స్. సంక్రాంతి తర్వాతికే మార్చేశాం. బావకి వద్దని చెప్పేశాను. అఖాతం, వశిష్ఠ, నాగాయలంక, ఈ మూడు చోట్లే పడవ, మిగతాదంతా సైకిల్. ఉప్పుగాలి అన్నా, ఒక్క డౌట్. అఖాతంలో సైకిళ్లు కూడా పడవలో పెట్టుకుంటే బరువుకి ఇబ్బందా?

కాకినాడ_ఉప్పుగాలి:
బరువు కన్నా అది ఎక్కడుందన్నది ముఖ్యం తమ్ముడూ. సైకిళ్లు మధ్యలో, అడుగుకి ఆనించి, తాడుతో గట్టిగా కట్టండి. చుక్కాని వైపు పెడితే పడవ వెనక కూర్చుండిపోతుంది. మొదటి రోజు ఎక్కడికీ వెళ్లొద్దు. లైఫ్‌జాకెట్లు వేసుకుని, పోటు సమయంలో నడుం లోతు నీళ్లలో సైకిళ్లతో సహా పడవని కావాలనే బోల్తా కొట్టించి, మీ ఇద్దరే నిలబెట్టండి. నిలబడకపోతే సైకిళ్లు ట్రాలీ బండిలోనే రావాలి. ఏటిమొగకి వచ్చే ముందు రోజు ఇక్కడ ఒక మెసేజ్ పెట్టండి, పోటు వేళ చూసి చెబుతాను.